ఎవరూ లేనప్పుడు భవనం ఏం చేస్తోంది?

ఒక వాణిజ్య భవనాన్ని చూపించి 'ఇది పర్యావరణహితం' అని ఎవరైనా అంటే అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: తెల్లవారుజామున మూడు గంటలకు దీని మీటరు ఎంత తిరుగుతోంది? లాబీలో తగిలించిన ఫలకం దీనికి జవాబు చెప్పదు. పైకప్పు మీది సోలార్ ప్యానెళ్లు అసలే చెప్పవు, ఆ వేళకు అవీ నిద్రలోనే ఉంటాయి. జవాబు పదిహేను నిమిషాలకోసారి లోడు (ఆ వేళకు భవనం లాగుతున్న విద్యుత్తు) నమోదు చేసే మీటరు డేటాలో ఉంటుంది. ఆ డేటా చాలా భవనాల్లో ఇప్పటికే ఉంది. తెరిచి చూసేవాళ్లే తక్కువ.

చిన్న లెక్క చూద్దాం. వారానికి 168 గంటలు. రోజుకు పది గంటల చొప్పున ఐదు రోజులు నడిచే ఆఫీసులో మనుషులుండేది 50 గంటలు. మిగతా 118 గంటలు భవనం ఖాళీ. పనివేళల్లో సగటు లోడు 200 కిలోవాట్లు, మిగతా వేళల్లో 80 కిలోవాట్లు అనుకోండి. పనివేళల ఖర్చు 10,000 యూనిట్లు, ఖాళీ వేళల ఖర్చు 9,440 యూనిట్లు. బిల్లులో దాదాపు సగం కుర్చీలకూ బల్లలకూ సేవ చేయడానికే పోతోంది. రాత్రి 80 కిలోవాట్లంటే పగటితో పోలిస్తే తక్కువే కదా అనిపిస్తుంది. గంటలతో గుణించినప్పుడే దాని అసలు రూపం బయటపడుతుంది.

సుస్థిరత వ్యూహం పేరుతో తయారయ్యే పత్రాల్లో నాకు కనిపించే పెద్ద లోపం ఇదే. ఆఫీసైనా, హోటలైనా, ఆసుపత్రైనా, గోదామైనా జాబితా మారదు: ఎల్‌ఈడీ దీపాలు, సోలార్ ప్యానెళ్లు, నీరు తక్కువ వదిలే కుళాయిలు, విద్యుత్ వాహనాల ఛార్జర్లు, కొన్ని మొక్కలు. అందులో ఏదీ చెడ్డది కాదు. కానీ అన్ని రోగాలకూ ఒకే మాత్ర ఇచ్చే వైద్యుణ్ని మనం నమ్మం. భవనానికి భవనానికీ ఇంధనం పోయే దారి వేరు, వృథా అయ్యే వేళ వేరు. 'ఖాళీ' అన్న మాటకు అర్థమే వేరు. ఆఫీసులో ఖాళీ అంటే రాత్రి. హోటల్లో అతిథి బయటికెళ్లిన గది. ఆసుపత్రిలో కేసులు లేని ఆపరేషన్ థియేటర్. డేటా సెంటర్లో పని లేకుండా వెలుగుతున్న సర్వర్. వ్యూహం అక్కడ మొదలుపెట్టాలి.

ఆఫీసు: ఆపడం మరిచిపోయిన యంత్రాలు

ఆఫీసు భవనంలో వృథాకు మూలం సాధారణంగా పాత యంత్రం కాదు, చెరిగిపోయిన షెడ్యూలు. ఒకసారి ఎవరో రాత్రి సమావేశం పెట్టుకుంటారు. ఆపరేటర్ బీఎంఎస్‌లో (భవన యంత్రాలను నడిపే కంప్యూటర్ వ్యవస్థలో) ఆ అంతస్తు ఏహెచ్‌యూని (గాలిని చల్లబరిచి పంపే యంత్రాన్ని) మాన్యువల్‌లో పెడతాడు. సమావేశం ముగుస్తుంది, మాన్యువల్ మాత్రం అలాగే ఉండిపోతుంది. ఇలాంటివి ఏడాదిలో పదులకొద్దీ పేరుకుంటాయి. అందుకే మొదటి పని కొనుగోలు కాదు, తనిఖీ. బీఎంఎస్‌లో మాన్యువల్‌లో ఉన్న ప్రతి పాయింటునూ జాబితా తీయండి. ఎప్పటి నుంచి ఉందో, ఎందుకు పెట్టారో పక్కన రాయండి. కారణం తెలియని ప్రతిదాన్నీ ఆటోమేటిక్‌లోకి మార్చి రెండు వారాలు గమనించండి. ఇకపై చేత్తో పెట్టే ఏ మార్పు (ఓవర్‌రైడ్) అయినా నిర్ణీత గంటల తర్వాత దానంతటదే రద్దయ్యేలా ప్రోగ్రాం చేయించండి.

తర్వాత ప్లాంట్ రూమ్‌లోకి వెళ్లి వీఎఫ్‌డీల (మోటారు వేగాన్ని మార్చే పరికరాల) తెరలు చూడండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఎప్పుడు చూసినా పూర్తి ఫ్రీక్వెన్సీలోనే ఉంటే అది వేగం మార్చడానికి పెట్టిన పరికరంగా పనిచేయట్లేదు, ఖరీదైన స్విచ్‌గా పనిచేస్తోంది. ఫ్యాను తీసుకునే విద్యుత్తు వేగం ఘనంతో మారుతుంది. వేగాన్ని 80 శాతానికి దించితే విద్యుత్తు దాదాపు 51 శాతానికి పడిపోతుంది. నిజ జీవితంలో డక్టులో స్థిర పీడనం కాపాడాల్సి రావడంతో పొదుపు ఇంత రాదు. అందుకే పీడనం సెట్‌పాయింటును (కాపాడమని యంత్రానికి చెప్పిన విలువను) కూడా కదలనివ్వాలి. గదులకు గాలి వదిలే రెక్కలు, అంటే డాంపర్లు, అన్నీ సగమే తెరుచుకుని ఉంటే పీడనం అవసరానికి మించి ఉందని అర్థం. ఏదో ఒక డాంపరు దాదాపు పూర్తిగా తెరుచుకునే దాకా దాన్ని దించుకుంటూ పోవాలి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది: ఒక్క గదిలో డాంపరు ఇరుక్కుపోయినా, థర్మోస్టాట్ తప్పు చూపించినా ఆ ఒక్క గదే మొత్తం వ్యవస్థను పైకి లాగుతుంది. కాబట్టి అలాంటి గదులను గుర్తించి బాగుచేసేదాకా వాటి ఓటు లెక్కలోకి రాకుండా చూడాలి.

బయటి గాలిని మనుషుల సంఖ్యను బట్టి తగ్గించే కార్బన్ డయాక్సైడ్ సెన్సర్లదీ ఇదే కథ. బయటి గాలిలో ఇప్పుడది సుమారు 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420). ఎవరూ రాకముందు, గాలి మార్పిడి జరిగాక సెన్సరు దానికి దగ్గరగా చూపాలి. ఖాళీ గదిలో 900 చూపిస్తోందంటే సెన్సరు దారి తప్పింది. ఇక అది రోజంతా డాంపరును బార్లా తెరిచి, వేడి గాలినో చలి గాలినో లోపలికి గుమ్మరిస్తుంది. పొదుపు కోసం పెట్టిన పరికరమే ఖర్చు పెంచుతుంది. పరీక్షకు పట్టేది ఒక్క ఉదయం.

ఏసీకి నీటిని చల్లబరిచే చిల్లర్ ప్లాంటులో చూడాల్సింది వెళ్లే నీటికీ తిరిగొచ్చే నీటికీ మధ్య ఉష్ణోగ్రత తేడా. డిజైన్ 6 డిగ్రీలకు చేసి ఉంటే సెకనుకు 50 లీటర్ల నీరు సుమారు 1,256 కిలోవాట్ల వేడిని మోసుకొస్తుంది. తేడా 3 డిగ్రీలకు పడిపోతే అదే వేడికి 100 లీటర్లు కావాలి. అవే పైపుల్లో రెట్టింపు నీరు తోయాలంటే పంపు శక్తి ఎనిమిది రెట్ల దాకా పెరగొచ్చు. పైగా లోడు చాలకపోయినా ప్రవాహం కోసం రెండో చిల్లర్‌ను స్టార్ట్ చేయాల్సి వస్తుంది. కారణాలు ఎప్పుడూ దాదాపు ఇవే: గాలిని చల్లబరిచే చోట మట్టి పట్టిన కాయిళ్లు, వాడని చల్లని నీటిని నేరుగా వెనక్కి పంపే, మార్చకుండా వదిలేసిన త్రీవే వాల్వులు, సరిగా మూసుకోని కంట్రోల్ వాల్వులు, అందుకోలేనంత కిందికి పెట్టిన గాలి సెట్‌పాయింట్లు. వీటిని వదిలేసి కొత్త చిల్లర్ కొంటే అది చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. కొత్త చిల్లర్ కూడా ఆ 3 డిగ్రీల మీదే నడుస్తుంది.

ఇదంతా చిల్లర పని అనుకునేవాళ్లకు ఒక్క అంకె. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల 2009లో వందలాది భవనాల సమాచారంతో వెలువరించిన అధ్యయనంలో, ఉన్న భవనాలను ఇలా శోధించి సరిదిద్దినప్పుడు వచ్చిన పొదుపు మధ్యస్థ విలువ 16 శాతం. పెట్టిన డబ్బు తిరిగొచ్చిన కాలం సుమారు 1.1 సంవత్సరం. ఏ ప్యానెల్, ఏ గాజు ఇంత త్వరగా డబ్బు తిరిగివ్వదు.

అద్దె భవనాల చిక్కు

యంత్రం యజమానిది, బిల్లు అద్దెదారుడిది. యజమాని ఖర్చు పెట్టి మంచి చిల్లర్ పెడితే లాభం అద్దెదారుడికి. అద్దెదారుడు జాగ్రత్తగా వాడితే, బిల్లును విస్తీర్ణం ప్రకారం పంచే చోట, ఆ లాభం పక్క అంతస్తువాళ్లకు. ఎవరి కష్టానికీ ఫలితం వాళ్లకు దక్కని ఏర్పాటులో ఎన్ని పోస్టర్లు అంటించినా ఉపయోగం లేదు. ప్రతి అద్దెదారుడికీ కరెంటు సబ్‌మీటరు, చల్లని నీటికి వేడి కొలిచే మీటరు పెట్టి, వాడినంతకే వసూలు చేయడం తప్ప దగ్గరి దారి లేదు. యజమాని పెట్టుబడిలో కొంత భాగాన్ని, లెక్కగట్టిన పొదుపుకు మించకుండా, అద్దెదారుడి నుంచి రాబట్టుకునే షరతును ఒప్పందంలోనే రాసుకుంటే రెండోవైపు ముడి కూడా విడుతుంది.

ఎక్కువమంది చూడని చిక్కు ఇంకొకటుంది. శనివారం ఒకే ఒక్క అద్దెదారుడికి ఏసీ కావాలి. అతని లోడు 30 టన్నులు (ఏసీ సామర్థ్యాన్ని కొలిచే టన్నులు), భవనంలోని అతి చిన్న చిల్లర్ 400 టన్నులు. అంత తక్కువ లోడులో అది నిలకడగా నడవలేదు. ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. దానితో పాటు ప్రధాన పంపులు, వేడిని బయటికి వదిలే కూలింగ్ టవర్ ఫ్యాను కూడా తిరగాలి. చల్లదనం కన్నా దాన్ని మోసే ఖర్చే ఎక్కువవుతుంది. ఇలాంటి భవనానికి కావాల్సింది పెద్ద యంత్రం స్థానంలో ఇంకో పెద్ద యంత్రం కాదు, పక్కన ఒక చిన్న చిల్లర్. లేదా వేళ దాటి పనిచేసే అద్దెదారులను ఒకే జోనులోకి తెచ్చి దానికి విడిగా ఏర్పాటు.

హోటల్ గదీ, వేడి నీళ్లూ

హోటల్లో కీకార్డు తీయగానే కరెంటు పోయే పద్ధతి అందరికీ తెలుసు. రెండో కార్డు అడిగి స్లాటులో వదిలేసి వెళ్లడం అతిథులకు ఇంకా బాగా తెలుసు. తలుపు సెన్సరునూ, గదిలో కదలికను పసిగట్టే సెన్సరునూ కలిపి వాడటం మేలు: తలుపు తెరిచి మూసుకున్నాక కొంతసేపు ఏ కదలికా లేకపోతే గది ఖాళీ, కదలిక ఒక్కసారి కనిపించినా మళ్లీ తలుపు తెరుచుకునేదాకా మనిషి ఉన్నట్టే. లేకపోతే కదలకుండా నిద్రపోతున్న అతిథికి అర్ధరాత్రి ఏసీ ఆగిపోతుంది. మరుసటి రోజే సెన్సర్లన్నీ ఊడిపోతాయి. బాల్కనీ తలుపు తెరిస్తే ఏసీ ఆగే ఇంటర్‌లాక్ కూడా పెట్టాలి.

అయితే ఖాళీ గదిలో ఏసీని పూర్తిగా ఆపడం తేమ ఎక్కువున్న చోట పొరపాటు. రెండు మూడు రోజులు ఖాళీగా ఉన్న గదిలో తేమ పేరుకుని, వాల్‌పేపరు వెనకా పరుపుల్లోనూ బూజు పడుతుంది. దాన్ని వదిలించే ఖర్చు ముందు ఆదా చేసిన కరెంటు ఏ మూలకూ చాలదు. సెట్‌పాయింటును 27 డిగ్రీల దగ్గరకు పెంచి, గాలిలో తేమ 60-65 శాతం దాటినప్పుడు మాత్రం యంత్రం పనిచేసేలా ఉంచితే రెండూ దక్కుతాయి.

వేడి నీళ్ల విషయంలో పొదుపు పేరిట జరిగే తప్పు ప్రాణాంతకం కావచ్చు. ట్యాంకు ఉష్ణోగ్రతను 45 డిగ్రీలకు దించేస్తే కరెంటు తగ్గుతుంది. కానీ లీజియోనెల్లా బాక్టీరియాకు 20 నుంచి 45 డిగ్రీల మధ్య నీరు పుట్టిల్లు. నిల్వ 60 డిగ్రీల దగ్గర, గదుల దాకా వెళ్లి ట్యాంకుకు తిరిగొచ్చే లైను 50కి తగ్గకుండా ఉండాలి. పొదుపు వేరే చోట వెతకాలి. 100 లీటర్ల నీటిని 20 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి హీటరుతో 4.65 యూనిట్లు పడుతుంది. ఒక యూనిట్‌కు మూడు యూనిట్ల వేడి ఇచ్చే హీట్‌పంపుతో 1.55 యూనిట్లు చాలు. షవరు ప్రవాహాన్ని బకెట్టూ గడియారంతో కొలవండి. నిమిషానికి 12 లీటర్లు వస్తుంటే 8కి దించవచ్చు. నీరు, వేడి రెండూ మూడో వంతు తగ్గుతాయి.

హీట్‌పంపు పెట్టాక పొదుపు రాలేదని వాపోయే హోటళ్లలో లోపం చాలాసార్లు యంత్రంలో ఉండదు, పైపుల కలయికలో ఉంటుంది. హీట్‌పంపుకు చల్లని నీరు అందితేనే బాగా పనిచేస్తుంది. రోజంతా గదుల వరకూ తిరిగి 52 డిగ్రీలతో వెనక్కొచ్చే నీటిని అదే ట్యాంకు అడుగున కలిపేస్తే పైన వేడి, కింద చల్లదనం అనే పొరలు చెదిరిపోతాయి. ఇక యంత్రానికి ఎప్పుడూ గోరువెచ్చని నీరే అందుతుంది, సామర్థ్యం కూలిపోతుంది. కార్బన్ డయాక్సైడ్‌తో నడిచే హీట్‌పంపులైతే మరీ దెబ్బతింటాయి. తిరిగొచ్చే లైనుకు విడిగా ఒక చిన్న ట్యాంకు, దానికో చిన్న హీటరు పెట్టడం, ఆ లైను మొత్తానికీ మందమైన ఇన్సులేషన్ తొడగడం దీనికి మందు. (తువ్వాలు మళ్లీ వాడమని బాత్‌రూమ్‌లో పెట్టే కార్డు గురించి నాకు పేచీ లేదు. కానీ దాన్ని వ్యూహం అనడం మాత్రం అతిశయోక్తి.)

హోటల్ వంటగదిలో పొగగొట్టం ఫ్యాను పొద్దున మొదలై రాత్రి దాకా పూర్తి వేగంతో తిరుగుతుంది, పొయ్యి మీద గిన్నె ఉన్నా లేకపోయినా. అది బయటికి తోసే ప్రతి ఘనపు మీటరు గాలికీ బదులుగా మరో ఘనపు మీటరును లోపలికి తెచ్చి చల్లబరచాలి. వేడినీ పొగనూ గుర్తించి వేగం మార్చే ఏర్పాటు ముఖ్యమే. అంతకన్నా ముందు పొయ్యి పైనుండే హుడ్‌కు పక్క పలకలు బిగించండి. అప్పుడు తక్కువ గాలితోనే పొగ అంతా లోపలికి లాగుతుంది.

ఆసుపత్రిలో ఆపడానికి అనుమతి కావాలి

ఆపరేషన్ థియేటర్‌కు గంటకు 20 సార్లు గాలి మారాలన్నది విస్తృతంగా పాటించే ప్రమాణం. 40 చదరపు మీటర్ల గది, 3 మీటర్ల ఎత్తు అంటే గంటకు 2,400 ఘనపు మీటర్ల గాలి. దాన్ని వడగట్టాలి, చల్లబరచాలి, తేమ తీయాలి, ఒక్కోచోట మళ్లీ కాస్త వేడి చేయాలి. కేసులు పగటికే పరిమితమైన థియేటర్లో రాత్రంతా ఇదే జరుగుతుంది. ప్రమాణాలు కూడా ఖాళీ వేళల్లో గాలి మార్పిడిని తగ్గించుకోనిస్తాయి, ఒక్క షరతు మీద: గదిలో పీడనం పక్క కారిడార్ కన్నా ఎక్కువగానే ఉండాలి.

తప్పు జరిగేది సరిగ్గా ఇక్కడే. సప్లై ఫ్యానును సగం వేగానికి దించి, ఎగ్జాస్ట్‌ను మరిచిపోతారు. గదిలోకి వచ్చే గాలి కన్నా పోయే గాలి ఎక్కువై పీడనం తిరగబడుతుంది, కారిడార్ దుమ్ము థియేటర్లోకి వస్తుంది. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ బృందం ఆ ఒక్క సంఘటనతో ప్రయోగాన్ని శాశ్వతంగా ఆపేయిస్తుంది, ఆపేయించాలి కూడా. కాబట్టి సప్లై, ఎగ్జాస్ట్ రెండూ కలిసి తగ్గాలి. పీడనం తేడా సెన్సరు ఎప్పుడూ కాపలా కాయాలి, తేడా పడగానే వ్యవస్థ పూర్తి వేగానికి తిరిగి వెళ్లాలి. గది బయట అందరికీ కనిపించేలా దీపమూ, అత్యవసర కేసు వస్తే నొక్కే మీటా ఉండాలి. పూర్తి స్థితికి రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో కొలిచి గోడ మీద రాసి పెట్టాలి. మొదట ఒక్క గదిలో, ఆ బృందాన్ని పక్కన పెట్టుకుని చేయాలి. వాళ్లకు తెలియకుండా చేసిన పొదుపు ఆసుపత్రిలో నిలవదు.

స్టీము మరో పాత అలవాటు. రెండు స్టెరిలైజర్ల కోసం ఏడాదంతా పెద్ద బాయిలర్‌నూ, కిలోమీటరు పైపునూ వేడిగా ఉంచే ఆసుపత్రులున్నాయి. స్టీమ్ ట్రాపులు అంటే ఆవిరిని ఆపి నీటిని మాత్రమే వదిలే వాల్వులు. తెరుచుకుపోయి పాడైనవి ఆవిరిని నేరుగా కండెన్సేట్ (ఆవిరి చల్లబడిన నీరు) లైనులోకి వదిలేస్తుంటాయి. బయటికి ఏమీ కనిపించదు. అల్ట్రాసోనిక్ పరికరంతో ఏడాదికోసారైనా ప్రతి ట్రాపునూ వినాలి. స్టెరిలైజర్ల పక్కనే చిన్న విద్యుత్ స్టీమ్ జనరేటర్ పెట్టుకుంటే పెద్ద బాయిలర్‌కు విశ్రాంతి ఇవ్వవచ్చు.

ఇవన్నీ కరెంటు, ఇంధనం బిల్లులో దొరికేవి. బిల్లులో దొరకనివి మత్తు వాయువులు. వందేళ్ల లెక్కన నైట్రస్ ఆక్సైడ్ కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 270 రెట్లు, డెస్‌ఫ్లూరేన్ 2,500 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తాయి. యూరోపియన్ యూనియన్ వైద్యపరంగా తప్పనిసరైతే తప్ప డెస్‌ఫ్లూరేన్ వాడకూడదని 2026 జనవరి నుంచి నిబంధన పెట్టింది. నైట్రస్ ఆక్సైడ్‌ను గోడల్లోని పైపుల ద్వారా సరఫరా చేసే ఆసుపత్రి చేయాల్సిన తనిఖీ చాలా తేలిక. ఏడాదిలో కొన్న సిలిండర్ల పరిమాణం ఒకవైపు, థియేటర్లలో రోగులకు నిజంగా ఇచ్చిన పరిమాణం మరోవైపు రాయాలి. మధ్యలో మాయమైనదంతా లీకేజీ. మత్తు వైద్యులు ఒప్పుకుంటే పైపులైను మూసేసి, అవసరమైన చోట చిన్న సిలిండరు వాడుకోవచ్చు. ఒక ఆసుపత్రి చేసే వాతావరణ పనుల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద ఫలితం ఇచ్చేది మరొకటి ఉండటం కష్టం.

సూపర్‌మార్కెట్‌లో కనిపించని పొగ

ఇక్కడ కరెంటు తినేది ఫ్రిజ్‌లు. తలుపులు లేని నిలువు డిస్‌ప్లే కేసుల్లో చల్లదనం లోడులో సింహభాగం దుకాణంలోని వెచ్చని గాలి లోపలికి చొరబడటం వల్లే వస్తుంది. గాజు తలుపులు బిగించడం, కనీసం రాత్రి తెరలు దించడం అందరూ చెప్పేదే. తలుపులు పెట్టాక ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. రెండు జరుగుతాయి. ఒకటి, లోడు హఠాత్తుగా తగ్గడంతో కంప్రెసర్లు ఎక్కువై, మాటిమాటికీ ఆగి మొదలై పాడవుతాయి. ఒకదానికి వీఎఫ్‌డీ పెట్టి, పీడనం సెట్టింగులు తిరగరాయాలి. రెండు, ఇన్నాళ్లూ కేసుల్లోంచి దొర్లిపోయిన చల్లదనమే దుకాణాన్ని చల్లబరిచి తేమ తీసింది. అది ఆగిపోగానే, ఎండాకాలంలో ఏసీ మీద భారం పెరుగుతుంది. ఈ రెండూ ముందే లెక్కలో వేసుకోకపోతే, తలుపులు పెట్టినా పొదుపు రాలేదన్న మాట మిగులుతుంది.

కండెన్సింగ్ ఉష్ణోగ్రతను (ఫ్రిజ్ వ్యవస్థ వేడిని బయటికి వదిలే ఉష్ణోగ్రతను) నడివేసవికి సరిపడా 40 డిగ్రీల దగ్గర బిగించి, చల్లని రాత్రుల్లో కూడా అలాగే వదిలేయడం ఇంకో రకం నిర్లక్ష్యం. బయట చల్లబడేకొద్దీ దాన్ని కిందికి దిగనిస్తే కంప్రెసరు పని తగ్గుతుంది. గ్యాస్ ప్రవాహాన్ని నియంత్రించే పాత థర్మోస్టాటిక్ ఎక్స్‌పాన్షన్ వాల్వులకు ఒక కనీస పీడనం తేడా కావాలి, అందుకే మెకానిక్‌లు దించడానికి భయపడతారు. వాళ్ల భయంలో న్యాయముంది. ఎలక్ట్రానిక్ వాల్వులు మార్చాకే కిందికి దించాలి.

ఇక రిఫ్రిజిరెంట్, అంటే ఫ్రిజ్‌లో చల్లదనం తెచ్చే గ్యాస్. ఆర్-404ఏ అనే రకం ఒక కిలో లీకైతే 3,922 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు లెక్క. 20 కిలోలు లీకైతే 78 టన్నులు. యూనిట్‌కు అర కిలో కార్బన్ డయాక్సైడ్ వచ్చే కరెంటైతే అది దాదాపు 1,57,000 యూనిట్లతో సమానం. దుకాణంలోని దీపాలన్నీ మార్చినా ఈ ఒక్క లీకు ఆ పుణ్యాన్ని మింగేయగలదు. ఏడాది చివర సర్వీసు బిల్లులో 'గ్యాస్ నింపాం' అన్న వాక్యం చూసి లీకును కనిపెట్టడం దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు. కంప్రెసర్ గదిలో గ్యాస్ డిటెక్టర్, రిఫ్రిజిరెంట్ నిల్వ ఉండే రిసీవరులో ద్రవ మట్టం నమోదు, నింపిన ప్రతి కిలోకూ తేదీతో పద్దు ఉండాలి. లీకు ఎక్కడో తెలుసుకోకుండా గ్యాస్ నింపకూడదన్న షరతు సర్వీసు ఒప్పందంలో ఉండాలి. యంత్రాలు మార్చే సమయం వచ్చినప్పుడు కార్బన్ డయాక్సైడ్‌నో ప్రొపేన్‌నో రిఫ్రిజిరెంట్‌గా వాడే వ్యవస్థలను పరిశీలించాలి. మొదటిది అధిక పీడనంతో నడుస్తుంది, రెండోది మండుతుంది. శిక్షణ లేని చేతికి రెండూ అప్పగించకూడదు.

గోదాము, డేటా సెంటర్: రెండు కొసలు

గోదాముకు చెప్పాల్సింది తక్కువ. ఎవరూ నడవని వరుసల్లో దీపాలు ఆర్పే సెన్సర్లు, లారీ ఆగే తలుపుల దగ్గర సందుల్లేని సీళ్లు, చలి ప్రాంతాల్లో కప్పు కింద పేరుకునే వేడిని నెమ్మదిగా కిందికి తోసే పెద్ద ఫ్యాన్లు. విశాలమైన పైకప్పు సోలార్‌కు అనువైనదే, కానీ రెండు ప్రశ్నలు ముందు తేలాలి: కప్పు ఆ అదనపు బరువు మోస్తుందా, కప్పు షీట్లకు ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షుంది? ఇరవై ఐదేళ్లు ఉండాల్సిన ప్యానెళ్లను ఎనిమిదేళ్లలో మార్చాల్సిన షీట్ల మీద బిగిస్తే, అన్నీ విప్పి మళ్లీ బిగించే కూలి లెక్కల్లో ఎక్కడా కనిపించదు.

డేటా సెంటర్లలో ప్రాణప్రదంగా చూసుకునే అంకె పీయూఈ, అంటే మొత్తం విద్యుత్తును కంప్యూటర్లకు అందే విద్యుత్తుతో భాగిస్తే వచ్చేది. ఈ అంకెతో ఒక తమాషా ఉంది. కంప్యూటర్లకు 1,000 కిలోవాట్లు, మొత్తం 1,500 అయితే పీయూఈ 1.5. పనిలేని సర్వర్లను గుర్తించి 200 కిలోవాట్లు ఆపేశారనుకోండి. కంప్యూటర్ల లోడు 800, చల్లదనం వగైరాల్లో కొంత స్థిర భాగం ఉండటంతో అవి 500 నుంచి 440కే తగ్గాయి. మొత్తం 1,240, పీయూఈ 1.55. 260 కిలోవాట్లు ఆదా చేసిన మేనేజరు నివేదికలో మాత్రం వెనకబడ్డాడు! ఒక్క అంకెను పట్టుకుని వేలాడితే జరిగేది ఇదే. మొత్తం యూనిట్లు, చేసిన పని, వాడిన నీరు పక్కపక్కన చూడాలి.

చల్లదనం వైపు చేయాల్సినవి చవకైనవే. ర్యాకుల్లో ఖాళీ చోట్లను పలకలతో మూయాలి, చల్లని వరుసనూ వేడి వరుసనూ వేరు చేయాలి, తర్వాత సర్వర్ ముఖం దగ్గర ఉష్ణోగ్రతను అమెరికా ఇంజినీర్ల సంఘం ఆష్రే సిఫార్సు చేసే 18-27 డిగ్రీల పరిధిలో పైకి జరపాలి. ఈ వరుస మారకూడదు. గాలి కలిసిపోతుండగానే సెట్‌పాయింట్ పెంచితే పై అరల్లోని సర్వర్లు వేడెక్కి వాటి ఫ్యాన్లు గోల పెడతాయి, ఆదా చేసిందంతా అవే తినేస్తాయి.

నీటి లెక్క వేరే వేయాలి. ఒక యూనిట్ వేడిని ఆవిరి ద్వారా వదిలించుకోవడానికి సుమారు లీటరున్నర నీరు ఆవిరవుతుంది. దాని మీద కూలింగ్ టవర్ నుంచి పారబోసే నీరు అదనం. టవర్లో లవణాలు మూడు రెట్లు చిక్కబడగానే పారబోస్తే, ఆవిరైన ప్రతి లీటరుకూ 1.5 లీటర్లు నింపాలి. ఆరు రెట్ల దాకా ఆగితే 1.2 లీటర్లు చాలు, అంటే 20 శాతం నీరు ఆదా. అంతకు మించి లాగితే లాభం కరిగిపోతుంది, పైపులకు పొలుసు కట్టడం, తుప్పు పట్టడం మొదలవుతాయి. ఆ పొలుసు చిల్లర్ ట్యూబుల్లోకి చేరితే కరెంటు రూపంలో మనమే కడతాం. నీటి కొరత ఉన్న చోట మంచి పీయూఈ కోసం ఆవిరి పద్ధతి ఎంచుకోవడం నా దృష్టిలో లెక్కను ఒక కాలమ్ నుంచి ఇంకో కాలమ్‌కు మార్చడమే.

వరుస తప్పితే

న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం మరమ్మత్తు 2009 ప్రాంతంలో మొదలైంది. అక్కడ 6,514 కిటికీలను పారేయలేదు. అదే భవనంలో ఒక అంతస్తులో చిన్న కార్ఖానా పెట్టి, పాత గాజులనే వాడి, మధ్యలో పొర చేర్చి తిరిగి బిగించారు. రేడియేటర్ల వెనక ఇన్సులేషన్ వేశారు, దీపాలు మార్చారు. ఇవన్నీ కలిసి గరిష్ఠ చల్లదనం లోడును సుమారు 1,600 టన్నులు తగ్గించాయి. దాంతో చిల్లర్లను మార్చి పెంచే బదులు ఉన్నవాటినే బాగుచేసుకోగలిగారు. ప్రణాళిక లక్ష్యం ఇంధనంలో 38 శాతం తగ్గింపు. ఇక్కడ పాఠం కిటికీల్లో లేదు, వరుసలో ఉంది. ముందు చిల్లర్లు కొనేసి ఉంటే, తర్వాత కిటికీలు బాగుచేసినా ఆ పెద్ద చిల్లర్లు తక్కువ లోడులో అవస్థ పడుతూ మిగిలేవి.

ఆపాల్సింది ఆపడం, లోడు తగ్గించడం, తగ్గిన లోడుకు తగిన యంత్రం, ఆ తర్వాతే సోలార్. ఈ వరుసను ఎవరూ కాదనరు, ఆచరణలో మాత్రం తలకిందులు చేస్తారు. ఎందుకంటే సోలార్‌ను ప్రారంభోత్సవంలో రిబ్బను కత్తిరించి చూపించొచ్చు. రాత్రి ఆగిన ఏహెచ్‌యూని ఫొటో తీయలేం. పైన పటారం, లోన లొటారం అనిపించుకునే భవనాలు ఇలాగే పుడతాయి.

నిలబెట్టడం ఇంకో కష్టం. సరిచేసిన భవనం ఏడాదిలో మళ్లీ పాత దారికి వస్తుంది. కారణం ఆపరేటర్ అలసత్వం కాదు, ఫిర్యాదులు. ఒక మూల ఎవరికో ఉక్కపోస్తుంది, ఫోను చేస్తారు, ఆపరేటర్ మొత్తం అంతస్తు సెట్‌పాయింట్ రెండు డిగ్రీలు దించుతాడు. వెళ్లి చూస్తే అక్కడి థర్మోస్టాట్ ప్రింటరు పక్కన ఉంటుంది, లేదా ఎవరో కొత్త గోడ కట్టి గాలి దారి మూసేసి ఉంటారు. ఫిర్యాదుకు సెట్‌పాయింట్ మార్చే ముందు ఆ చోటికి వెళ్లి కొలవాలన్న నియమం ఒక్కటి పాటిస్తే ఓవర్‌రైడ్‌లలో పెద్ద భాగం పుట్టదు. దానికి ఆపరేటర్‌కు సమయం, చేతిలో థర్మామీటరు, పై అధికారుల మద్దతు కావాలి. వ్యూహ పత్రం రాసిన సలహాదారుకు ఇచ్చిన సొమ్ములో పదో వంతు ఈ మనిషి శిక్షణకు పెట్టమంటే బేరం మొదలవుతుంది.

ఆస్ట్రేలియాలో నాబర్స్ అనే రేటింగ్ ఉంది. అది డిజైన్ బొమ్మలకు కాకుండా, పన్నెండు నెలలు నిజంగా వాడిన కరెంటు, ఇంధనానికి నక్షత్రాలు ఇస్తుంది. ఏటా కొత్త లెక్క, బాగా నడపకపోతే నక్షత్రం రాలిపోతుంది. ఇలాంటి పథకం లేని చోట కూడా ఆ స్ఫూర్తిని కాంట్రాక్టులో రాసుకోవచ్చు. పని పూర్తయిన రోజునే మొత్తం బిల్లు చెల్లించకుండా, ఐదు శాతం ఆపి ఉంచండి. ఒక వేసవి, ఒక చలికాలం గడిచాక, షెడ్యూళ్లూ వాల్వులూ సెన్సర్లూ రెండు కాలాల్లోనూ పరీక్షించాక, వరుసగా నాలుగు వారాల మీటరు డేటా తీసి ఖాళీ వేళల లోడు ముందే ఒప్పుకున్న కిలోవాట్ల లోపు ఉందని తేలాక ఆ ఐదు శాతం ఇవ్వండి. ఆ కిలోవాట్ల అంకెను టెండరు పిలిచే రోజే రాయాలి. ఆఫీసుకు రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య, హోటల్‌కు ఖాళీ గదికి ఇంత చొప్పున, ఆసుపత్రికి ఒక్కో థియేటర్‌కు, సూపర్‌మార్కెట్‌కు దుకాణం మూసిన గంటలకు.